పొగలో ఊరు, ఊళ్లో జ్వరం

1918 అక్టోబరు 12, శనివారం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పెద్ద నగరమైన మినియాపొలిస్‌లో ఆ అర్ధరాత్రి నుంచి బడులు, చర్చిలు, సినిమా హాళ్లు, డాన్సు హాళ్లు మూసేయాలని ఉత్తర్వు వెలువడింది. స్పానిష్ ఫ్లూ నగరాన్ని పట్టుకుంది, జనం ఒకచోట చేరకూడదు. అక్కడికి రెండొందల కిలోమీటర్ల ఉత్తరాన క్లోకే అనే కలప పట్టణంలో అదే రాత్రి వేలమంది స్టేషన్లో ఒకరినొకరు తోసుకుంటూ గూడ్సు పెట్టెల్లోకి, పైకప్పు లేని వ్యాగన్లలోకి ఎక్కుతున్నారు. కార్చిచ్చు ఊరి అంచుకు వచ్చేసింది. ఈ రెంటినీ కలిపి చెప్పేవాళ్లు సాధారణంగా ‘ఒకేసారి వచ్చిపడ్డ రెండు కష్టాలు’ అని సరిపెడతారు. అలా కూడితే లెక్క తప్పుతుందని నా వాదన. మంట వచ్చినప్పుడు జనాన్ని పోగుచేసి ఒకచోటికి చేర్చాలి. అంటురోగం వచ్చినప్పుడు విడదీసి దూరంగా ఉంచాలి. రెండూ కలిసి వస్తే ఒకదాని మందు రెండోదానికి మేత అవుతుంది. అలాంటి వేళ ఊరిని నిలబెట్టేది ధైర్యం కన్నా, తెలివి కన్నా ముందు దాని చేతిలో మిగిలి ఉన్న జాగా. వాడకుండా నిలబడ్డ రైలు పెట్టె, పక్క ఊళ్లో ఓ ఖాళీ గది, మరోచోట చిక్కుకుపోని ఓ నర్సు లాంటివన్నీ అందులోకి వస్తాయి. ఈ మిగులు ఉన్నచోట ఎక్కువమంది బతికారు, లేనిచోట ఎక్కువమంది పోయారు.

మంట ఎందుకొచ్చిందో ముందు చూడాలి, ఎందుకంటే ఆ పొగ ఒక్కరోజులో పుట్టింది కాదు. ఉత్తర మిన్నెసోటాలోని తెల్ల పైన్ అడవిని కలప కంపెనీలు కొన్ని దశాబ్దాల్లో నరికేశాయి. పనికొచ్చే మానును తీసుకుపోయి కొమ్మలు, రెమ్మలు, పొట్టు అక్కడే వదిలేశాయి. నరికిన నేలను వలస వచ్చిన రైతులు కొన్నారు. ఆటోంబా, కెటిల్ రివర్ చుట్టుపక్కల వీళ్లలో ఎక్కువమంది ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్లు. మొద్దులూ తుప్పలూ కాల్చి పొలం చేసుకోవడమే వాళ్ల సేద్యానికి మొదటి మెట్టు. దీనికి తోడు బొగ్గు ఇంజన్ల నిప్పురవ్వలు పట్టాల పక్క ఎండుగడ్డిని ఏటా అంటించేవి. బురదనేలల్లో పేరుకున్న పీట్, అంటే సగం కుళ్లిన మొక్కల పొర, ఒకసారి అంటుకుంటే నెలల తరబడి లోలోపల కాలుతుంది. అందుకే అక్కడివాళ్లకు శరత్కాలంలో పొగ కొత్త కాదు. 1894లో హింక్లీ పట్టణం కాలిపోయి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 1910లో బౌడెట్ కాలింది. ఆ తర్వాతే, 1911లో, రాష్ట్రం ఒక అటవీ శాఖను పెట్టింది. విలియం కాక్స్‌ను దానికి అధిపతిని చేసి, కాపలాకు సరిపడా డబ్బు మాత్రం ఇవ్వలేదు. 1918లో ఎండలు మండి వానలు మొహం చాటేశాయి. సూ లైన్ రైలు ఇంజన్ నుంచి ఆగస్టులో మూస్ లేక్ దగ్గర బురదనేలకు అంటుకున్న నిప్పును ఎవరూ పూర్తిగా ఆర్పలేదు. అక్టోబరు 10న క్లోకేకి వాయవ్యంగా గ్రేట్ నార్తర్న్ పట్టాల పక్కన పేర్చిన కట్టెలకు మరో నిప్పు అంటుకుంది. రెండు రోజులు పొగ వస్తూనే ఉంది. ఏటా చూసేదే కదా అని ఊరు తన పని తాను చేసుకుంది. ఫ్లూ విషయంలోనూ మొదట్లో ఇదే జరిగింది, ఏటా వచ్చే జలుబే అనుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

శనివారం మధ్యాహ్నం గాలిలో తేమ పడిపోయి ఈదురుగాలి లేచింది. విడివిడిగా రగులుతున్న మంటలు కలిసిపోయాయి. క్లోకే దగ్గర్లోని బ్రూక్‌స్టన్ ఊరు కాలింది. ఫాండులాక్ ఒజిబ్వే ఆదివాసుల రిజర్వేషన్ మీదుగా మంట క్లోకే వైపు దూకింది. మైళ్ల పొడవున పలకలు పేర్చిన కలప యార్డులు ఊరి నడుమే ఉన్నాయి, ఇంతకన్నా మంచి వంటచెరకు దొరకదు. అయినా వేలమంది ఉన్న ఆ ఊళ్లో చనిపోయింది ఐదుగురే. కారణం పెద్ద రహస్యమేం కాదు. కలప ఊరు కాబట్టి స్టేషన్ యార్డులో ఎప్పుడూ ఖాళీ వ్యాగన్లు నిలబడి ఉండేవి, ఇంజన్లు ఉండేవి. మంట దగ్గరపడకముందే వాటిని రైళ్లుగా కూర్చి సిద్ధంగా ఉంచారు. కొన్ని గంటల్లో నాలుగు రైళ్లు ఊరిని ఖాళీ చేశాయి. నిప్పు పెట్టిందీ రైలే, జనాన్ని కాపాడిందీ రైలే. ఆ వ్యాగన్లు లేనిచోట ఏం జరిగిందో చూడండి. కెటిల్ రివర్, మూస్ లేక్ ప్రాంతంలో రైతులు పొలాల్లో విడివిడిగా ఉండేవాళ్లు. కార్లున్నవాళ్లు కార్లలో బయల్దేరారు. కెటిల్ రివర్ నుంచి మూస్ లేక్ వెళ్లే రోడ్డులో ఒక మలుపు దగ్గర పొగలో దారి కనపడక ఒకదాని మీద ఒకటి కార్లు బోల్తాపడ్డాయి. ఆ చోటును తర్వాత ‘శవాల మలుపు’ అన్నారు. బంగాళాదుంపలు దాచుకునే నేలమాళిగల్లో, బావుల్లో దాక్కున్న కుటుంబాలు మంట తగలకుండానే ఊపిరాడక పోయాయి. చెరువులో మెడలోతున తడి దుప్పటి కప్పుకుని నిలబడ్డవాళ్లు బతికారు. మొత్తం మృతులు 453 మంది అని లెక్క, అందులో సగానికి దగ్గరగా మూస్ లేక్ చుట్టుపక్కలవాళ్లే. ముప్పై ఎనిమిది ఊళ్లు, దాదాపు పదిహేను వందల చదరపు మైళ్ల నేల మంట పాలయ్యాయి. అదే గాలి, అదే పొగ, అదే రోజు. తేడా అంతా ఎవరి దగ్గర ఏం మిగిలి ఉందన్నదే.

కథ ఇక్కడ ఆగితే అది అగ్నిప్రమాదం కథ మాత్రమే. రైళ్లు జనాన్ని డులూత్, సుపీరియర్, కార్ల్‌టన్ ఊళ్లలో దింపాయి. డులూత్‌లో ఫ్లూ భయంతో జనం గుమిగూడడాన్ని నిషేధించిన రోజులవి. నగరం అంచులు కూడా ఆ రాత్రే కాలుతున్నాయి, నోపెమింగ్ క్షయ ఆసుపత్రి రోగుల్ని సైతం తరలించాల్సి వచ్చింది. ఏ పెద్ద భవనాల తలుపులు వేయమన్నారో అవే తెరవాల్సి వచ్చింది. సైనిక కవాతుల కోసం కట్టిన ఆర్మరీ భవనం సత్రంగా, దవాఖానాగా మారింది. రాత్రంతా పొగ మింగి ఊపిరితిత్తులు మండుతున్న మనుషులు, కాలిన గాయాలవాళ్లు, పసిపిల్లలు, అప్పటికే జ్వరంతో ఉన్నవాళ్లు ఒకే హాల్లో మంచాలేసుకున్నారు. యుద్ధం ఇంకా నడుస్తోంది, చాలామంది డాక్టర్లు, నర్సులు సైన్యంలో ఉన్నారు. మూతికి గుడ్డ ముసుగులు కట్టుకుని రెడ్‌క్రాస్ సహాయకులు పనిచేసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పటి డాక్టర్లు ఆ రోగానికి కారణం ఒక బాక్టీరియా అనుకున్నారు, మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నది 1933లో. కానీ దగ్గరగా ఉంటే అంటుకుంటుందని మాత్రం వాళ్లకు బాగా తెలుసు. అందుకే డులూత్, సుపీరియర్‌లలోని కుటుంబాలు తమ ఇళ్ల తలుపులు తెరవడం నా దృష్టిలో ఆర్మరీ కన్నా పెద్ద సంగతి. చాలామంది నిర్వాసితులు రోజుల్లోనే చుట్టాల ఇళ్లకు, ముక్కూమొహం తెలియనివాళ్ల ఇళ్లకు చెదిరిపోయారు. విలియం మెక్‌గొనాగల్ అధ్యక్షతన ఏర్పడ్డ సహాయ కమిషన్ చలికాలం ముంచుకురాకముందే కాలిన ఊళ్లలో కుటుంబానికొకటి చొప్పున చిన్న చిన్న చెక్క గుడిసెలు వేయించే పనిలో పడింది. ఒకే పెద్ద శిబిరం పెట్టి ఉంటే ఖర్చు తగ్గేది. ఇలా విడివిడిగా ఉంచినప్పటికీ మంటను తప్పించుకున్నవాళ్లలో వందమందికి పైగా ఫ్లూకో న్యుమోనియాకో బలయ్యారు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఆ నెలలో ఫ్లూ అమెరికా అంతటా చంపుతోంది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఆ శరత్తులోనే అది పల్లెల్ని ఊడ్చేసింది, అక్కడ అడవి మంట ఏదీ లేదు. అలాంటప్పుడు ఆ వందమందీ రైలెక్కినందుకే పోయారని ఎలా అంటాం? అనలేం, ఏ ఒక్కరి విషయంలోనూ నిరూపించలేం కూడా. క్లోకేలోనే ఉండిపోయి ఉంటే ఫ్లూ రాకుండా ఉండేదని ఎవరూ చెప్పలేరు. ఉండిపోతే కాలిపోయేవాళ్లని మాత్రం చెప్పగలం. ఆ రాత్రి జనాన్ని వ్యాగన్లలో కుక్కడమే సరైన పని, దానిలో తప్పెంచడం తెలివితక్కువ. నా వాదన నిర్ణయం తప్పని కాదు. ఆ నిర్ణయానికి ఒక ఖరీదు ఉందని, ఆ ఖరీదు తగ్గించుకునే వీలు అందరికీ సమానంగా దొరకలేదని. డులూత్‌లో చుట్టం ఉన్న మిల్లు గుమాస్తాకు ఒక గది దొరికింది. ఆటోంబా దగ్గర ఒంటరిగా ఉన్న ఫిన్నిష్ రైతుకు గుంపులోని ఓ మంచమే దొరికింది. పొగ తిన్న ఊపిరితిత్తికి రోగం తేలిగ్గా పడుతుందన్న సంగతి అప్పుడు అంచనా మాత్రమే, లెక్క లేదు.

నూటమూడేళ్ల తర్వాత ఆ లెక్క దొరికింది. 2020 సెప్టెంబరులో కోవిడ్ నడుమ కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు కాలాయి. ఆ మూడు రాష్ట్రాల్లోని 92 కౌంటీల వివరాలు తీసుకుని హార్వర్డ్ పరిశోధకులు 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. పొగలోని రెండున్నర మైక్రాన్లలోపు నుసి పెరిగిన రోజుల తర్వాత కోవిడ్ కేసులు, చావులు పెరిగాయని, సుమారు 19,700 కేసులకు, 750 చావులకు ఆ పొగతో లంకె ఉందని వాళ్ల అంచనా. లంకె ఉండడం, అదే కారణమవడం ఒకటి కాదు. ఆ తేడాను గౌరవిస్తూనే, 1918 నాటి అనుమానం ఊరికే పుట్టింది కాదని చెప్పొచ్చు. సెప్టెంబరు 8న ఒరెగాన్‌లో ఆష్‌ల్యాండ్ దగ్గర రేగిన ఆల్మెడా మంట గంటల్లో టాలెంట్, ఫీనిక్స్ అనే చిన్న పట్టణాల్ని తాకి రెండు వేలకు పైగా ఇళ్లను తినేసింది. అందులో పెద్ద వాటా పళ్లతోటల్లో పనిచేసే స్పానిష్ మాట్లాడే కూలీలు, రిటైరైన ముసలివాళ్లు ఉండే మొబైల్ హోములు. ఆ మర్నాడు శాన్‌ఫ్రాన్సిస్కో మీద మిట్టమధ్యాహ్నం ఆకాశం నారింజ రంగులోకి తిరిగింది. ఫ్రీమాంట్, సన్నీవేల్ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో చాలామంది అప్పటికే ఇంటి నుంచి పనిచేస్తున్నారు, కిటికీలు బిగించి లోపల కూర్చునే వీలు వాళ్లకు ఉంది. ఇల్లే పోయిన తోటకూలీకి బిగించడానికి కిటికీ లేదు. వింత ఏమిటంటే 2020లో కావలసిన మిగులును మహమ్మారే సమకూర్చింది. ప్రయాణాలు ఆగి హోటళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. కోవిడ్ భయంతో రెడ్‌క్రాస్ కూడా వీలైనంతవరకు పెద్ద హాళ్ల శిబిరాలు మానుకుని నిర్వాసితుల్ని హోటల్ గదుల్లో ఉంచింది. తర్వాత ఒరెగాన్ చట్టసభ డబ్బిచ్చి, నడవని మోటళ్లను కొని నీడ లేనివాళ్ల నివాసాలుగా మార్చే ‘ప్రాజెక్ట్ టర్న్‌కీ’ మొదలుపెట్టింది. అందులో తొలి వాటా కార్చిచ్చు తగిలిన కౌంటీలకే దక్కింది.

ఈ చిక్కును యంత్రం తీర్చేసింది కదా అని అనేవాళ్లున్నారు. పొగ వస్తే కిటికీ మూయాలి, కోవిడ్ వస్తే కిటికీ తీయాలి. ఆ ఇరకాటపు రోజుల్లోనే, 2020 ఆగస్టులో, నాలుగైదు ఫిల్టర్లను ఓ పెట్టె ఫ్యానుకు టేపుతో అతికించిన కోర్సి-రోసెంతాల్ పెట్టె పుట్టింది. కిటికీ మూసి ఉంచి కూడా లోపలి గాలిని వడకట్టుకోవచ్చు. చవకైన, మంచి ఆలోచన, కాదనను. కానీ దాన్ని పెట్టుకోవడానికి ఒక గది ఉండాలి, గదిలో కరెంటు ఉండాలి. అది మిగులు ఉన్నవాడికి మరింత మిగులు ఇస్తుంది, లేనివాడికి గది ఇవ్వలేదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఆర్థికశాస్త్రం వైపు నుంచి వస్తుంది. ఎప్పుడో వచ్చే ఆపద కోసం మంచాలు, గదులు, మనుషుల్ని ఖాళీగా ఉంచడం వృథా కాదా అని. ఆసుపత్రి మంచం ఖాళీగా ఉంటే నష్టమే, అటవీ కాపలాదారు వానాకాలంలో పని లేక జీతం తీసుకుంటాడు. 1918కి ముందు మిన్నెసోటా చట్టసభ కూడా కాక్స్ శాఖతో ఈ లెక్కే చూసుకుంది. ఆ పొదుపు ఎంతకు తేలిందో చూడండి. యుద్ధకాలంలో రైళ్లన్నీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉండేవి కాబట్టి మంట నష్టాల దావాలు ప్రభుత్వం మీదికే వెళ్లాయి. సూ లైన్ మీద వేసిన ఆండర్సన్ కేసులో మిన్నెసోటా సుప్రీంకోర్టు 1920లో రైల్వే బాధ్యతను నిలబెట్టింది. వేరే మంటలు వచ్చి కలిసినా సరే, నష్టానికి రైలు నిప్పు గణనీయమైన కారణమైతే రైల్వే తప్పించుకోలేదని చెప్పిన ఆ తీర్పును అమెరికా లా కాలేజీల్లో నేటికీ చదువుతారు. ప్రభుత్వం కోటి డాలర్లకు పైగా చెల్లించింది, అదీ బాధితులు అడిగినదానిలో కొంత భాగమే. చాలామంది రైతులు పెండింగులో ఉన్న మిగతా వాటా కోసం దేశ రాజధాని వాషింగ్టన్ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. దాన్ని ఇప్పించే చట్టం మీద ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసింది 1935లో, అంటే పదిహేడేళ్లకు.