మంచులో నిద్రించు కూజా మొక్క

నేను చిరకాలము బడిపిల్లలకు పాఠములు చెప్పినవాడను. పాఠ్యపుస్తకమున పురుగులను పట్టి తిను కూజా మొక్క బొమ్మ వచ్చినపుడు ఒక బాలుడు లేచి, "పంతులుగారూ! మంచు కురియు దేశములలో చలికాలమున పురుగులుండవు గదా! అపుడీ మొక్క యేమి తిని బ్రతుకును?" అని యడిగెను. నాకు తోచలేదు. "రేపు చెప్పెదను, కూర్చుండుము" అంటిని. ఆ రేపు నేటికి వచ్చినది.

కూజా మొక్క మన దేశమునను గలదు. మేఘాలయమునందలి ఖాసీ, గారో కొండలలో పెరుగు ఆ మొక్కను శాస్త్రజ్ఞులు నెపెంథిస్ ఖాసియానా అందురు. అది తేమగాలిలో పెరుగునది; గడ్డకట్టు చలికి తాళజాలదు. బాలు డడిగినది దీనిని గూర్చి కాదు. కెనడాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమునను బురదనేలలలో పెరుగు సారసీనియా పర్పూరియా వేఱొక కుటుంబమునకు చెందినది. మంచుకు వెఱవని కూజా మొక్క యదియే.

దీనిని లోకము తెలిసికొనుటకు చాల కాలము పట్టినది. 1601లో క్లూసియసు అను పండితుడు ఎండిన మొక్క నాధారము చేసికొని దీని చిత్రమును తన గ్రంథమున ముద్రించెను. ఎండిన ఆకు రూపమును చెప్పునే కాని బ్రతుకును చెప్పదు. 1685లో ఫ్రాన్సు విడిచి క్యూబెక్కు చేరిన మిషెల్ సర్రజాన్ అను వైద్యుడు ఆ ప్రాంతపు మొక్కలను పారిసులోని తూర్నఫోరు పండితునకు పంపెను. 1700లో తూర్నఫోరు ఆ వైద్యుని పేరనే దీనికి పేరిడెను. 1753లో లిన్నేయసు ఆ పేరును స్థిరపఱచెను. కాని అంతటి పండితుడును దీని ఆకును నీటి తొట్టి యని, దప్పిగొన్న పక్షులకు చలివేంద్ర మని తలచెను! 1874లో బెల్‌ఫాస్టు సభలో జోసెఫ్ హుకర్ మాంసాహార వృక్షములను గూర్చి ఉపన్యసించెను. మఱుసటి యేడు చార్లెస్ డార్విను కీటకాహార వృక్షములను గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించెను. అంతట ఆ చలివేంద్రము పురుగులపాలిటి ఉరి యని లోకమునకు నమ్మిక కలిగినది.

ఇక బాలుని ప్రశ్న. ఈ మొక్క పెరుగు నేలలో నత్రజని మిక్కిలి తక్కువ. ఆ కొఱతను పురుగులు తీర్చును. తక్కిన ఆహారమును ఇతర వృక్షములవలెనే ఇదియును సూర్యరశ్మితో స్వయముగా సిద్ధపఱచుకొనును. అనగా పురుగు దీనికి అన్నము కాదు, ఎరువు. పగళ్ళు కురుచయై చలి హెచ్చగనే పెరుగుట మానును. పెరుగని మొక్కకు ఎరువుతో పని యేమి? ఆకులు ఎఱ్ఱబడి నిలిచియుండును, వానిలోని నీరు గడ్డకట్టును, నేలలోని కాండము నిద్రించును. పైనున్న మంచు దానికి కంబళి. వయోమియా స్మితీ అను దోమ పిల్లపురుగులును ఆ గడ్డకట్టిన నీటిలోనే వసంతము వఱకు ప్రాణములు నిలుపుకొనును.

ఇచ్చట మానవుడు పొరబడు చోటొకటి కలదు. చలికి చచ్చునేమో యని జాలిపడి, ఏటేట మొక్కను వెచ్చని గదిలో దీపపు వెలుగున ఉంచినచో, విశ్రాంతి లేక అది క్రమముగా క్షీణించును. దానికి ఏటికి మూడు నాలుగు నెలల చలి యవసరము. అట్లని ఉపేక్షింపరాదు. కుండీకి నాలుగు ప్రక్కలనుండి చలి సోకును. ఎండుగాలి తేమను పీల్చును. కాబట్టి ఎఱిగిన తోటమాలులు కుండీని నేలలో పాతి, ఎండుటాకులు కప్పి, వేళ్ళు ఎండనీయక కాపాడుదురు. చలి నుండి తప్పింపరు, చలిలో కాపాడుదురు.

న్యూఫౌండ్లాండు ప్రజలు 1954లో దీనిని తమ రాష్ట్రపుష్పముగా గ్రహించిరి. ఆ చలిసీమ వారికి ఇంతకంటె తగిన గుఱుతు దొరకుట కష్టము.

నాయనా! నీ వెచ్చట నున్నావో నే నెఱుగను. ఈ మాటలు నీ చెవిని బడినచో వినుము. చలికాలమున ఆ మొక్క ఏమియు తినదు, నిద్రించును. ఆనాడే "నాకు తెలియదు, తెలిసికొని చెప్పెదను" అనవలసినవాడను. అట్లనక నిన్ను కూర్చుండు మంటిని. ఆ లోపము నాది.