వెదురు పిచ్చుక

వెదురు పిచ్చుక చలికాలంలో మన దేశానికి వలస వచ్చే ఫించ్ జాతి పక్షి. ఇంగ్లీషులో కామన్ రోజ్‌ఫించ్, హిందీలో తూతీ అంటారు. శాస్త్రీయ నామం కార్పొడాకస్ ఎరిత్రినస్. 1770లో పీటర్ సైమన్ పల్లాస్ దీన్ని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించాడు.

పరిమాణంలో ఊరపిచ్చుకంతే ఉంటుంది. ఎదిగిన మగపక్షికి తల, గొంతు, రొమ్ము, తోక మొదలు గులాబీ కలిసిన ఎరుపు. రెక్కలు గోధుమ రంగు, పొట్ట తెలుపు. అయితే ఎరుపు కోసమే వెతికితే గుంపులో చాలా పక్షులు కంటికి ఆనవు. ఆడవి గోధుమ రంగువి. ఏడాది వయసు మగవీ అంతే. ఆ రంగులోనే పాడతాయి, జతకడతాయి. కాబట్టి రంగు చూసి ఆడదని తేల్చేయకూడదు. నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి: పొట్టిగా, బొద్దుగా ఉండే ముక్కు, రెక్క మీద రెండు లేత పట్టీలు, చారలున్న రొమ్ము, ఏ గీతా లేని ముఖంలో నల్లపూసలాంటి కన్ను. ఆడ ఊరపిచ్చుకకు కంటి వెనక లేత చార ఉంటుంది, రొమ్ము మీద చారలుండవు. ఎర్ర జీనువాయి ఇంకా చిన్నది, ఒంటి మీద తెల్లచుక్కలుంటాయి.

ఈకలు మార్చుకోవడం చలికాలపు విడిదిలోనే. కొత్త ఈకల అంచులు వెలిసినట్టుంటాయి. అవి అరిగేకొద్దీ లోపలి ఎరుపు బయటపడుతుంది. అందుకే తిరుగు ప్రయాణం నాటికి మగపక్షి ఎక్కువ మెరుస్తుంది.

తూర్పు కనుమల్లో వెదురు పొదలు, అడవి అంచులు, పొలాల గట్లు దీనికి ఇష్టమైన చోట్లు. గింజలు, మొగ్గలు, లాంటానా పండ్లు తింటుంది. గింజను ముక్కులో తిప్పుతూ పొట్టు జార్చేస్తుంది. మేస్తున్నంతసేపూ పొదలో కదలిక తక్కువ; ప్రశ్న అడిగినట్టు చివర పైకి లేచే చిన్న ఈల వల్లే ఎక్కువగా దొరికిపోతుంది.

సంతానోత్పత్తి తూర్పు యూరప్ నుంచి సైబీరియా వరకూ, హిమాలయాల్లోనూ జరుగుతుంది. పొదలో నేలకు దగ్గరగా గూడు కట్టి నాలుగైదు నీలి గుడ్లు పెడుతుంది. ఆడది ఒక్కతే పొదుగుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ జాతి పడమరకు విస్తరించి 1982లో స్కాట్లండ్‌లోనూ గూడు కట్టింది. విచిత్రమేమంటే, అలా పడమరకు చేరిన పక్షులు చలికాలానికి దగ్గరలోని ఆఫ్రికాకు పోవు. తూర్పుకు మళ్లి ఆసియాకే వస్తాయి.

ఈ పక్షుల్ని పట్టి పంజరాల్లో పెట్టేవారు. ఎర్ర రంగుకు మూలం ఆహారంలోని కెరోటినాయిడ్లు కావడంతో, పంజరంలో ఈకలు మార్చుకున్న మగపక్షి పసుపుపచ్చగా మారిపోతుంది.