"ఇంకా ఐదు నిమిషాలే ఉంది!" - టీవీ అంగడి చరిత్ర

ఈసారి రాజుల కథ కాదు, శాసనాల కథా కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మన ఇళ్ళలో టీవీలో తెరుచుకునే అంగడి కథ రాస్తున్నాం. నవ్వొచ్చే కథే, అయినా దీనికీ ఒక చరిత్ర ఉంది.

టీవీ రాకముందు మనకు సంతలు ఉండేవి. హోసూరు సంతలో, కృష్ణగిరి బస్టాండు పక్కన తైలాలు, కత్తులు అమ్మేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూసినాం. ఒక మాట తెలుగులో, వెంటనే తమిళంలో, ఎదుట కన్నడంవాళ్ళు నిలబడితే కన్నడంలో. జనం మొహం చూసి మాట మార్చేవాళ్ళు. గొప్పలు మరీ ఎక్కువైతే ముందు వరసలో ఎవరో ఒక తాత "ఏమప్పా, నీ తైలం నీ బట్టతలకే పట్టలేదే!" అనేవాడు. అందరూ గొల్లుమని నవ్వేవాళ్ళు. ఆ నవ్వే అమ్మేవాడి నోటికి పగ్గం.

ఆ పగ్గం తెగింది ఎక్కడంటే, చానా దూరంలో. 1977లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్. ప్రకటనల బాకీ కట్టలేని వ్యాపారి ఒకడు దుడ్డుకు బదులు 112 కరెంటు డబ్బా ఓపెనర్లు ఇచ్చినాడు. వాటిని రేడియోలోనే అమ్మమని యజమాని బాబ్ సర్కోస్టా అనే ఆయనకు అప్పజెప్పినాడు. ఆయన కబుర్లు చెప్పే మనిషే గానీ అమ్మకం మనిషి కాదు. అయినా ఒక్కొక్కటి 9.95 డాలర్ల చొప్పున అన్నీ అమ్ముడుపోయినాయి. 1982లో ఆ వ్యాపారం టీవీకి ఎక్కింది. అదే హోమ్ షాపింగ్ నెట్‌వర్క్.

మన దగ్గర 1993లో సన్ టీవీ, 1995లో ఈటీవీ మాదిరి ప్రైవేటు ఛానళ్ళు వచ్చినాక, జనం ఎక్కువగా చూడని గంటల్లో ఈ అమ్మకాలు చేరినాయి. టెలిబ్రాండ్స్, ఏషియన్ స్కై షాప్ పేర్లు మీలో చానామందికి గుర్తుండే ఉంటాయి. అమెరికాలో తీసిన బొమ్మకు మన భాష అతికించేవాళ్ళు. తెల్లామె నోరు మూసుకున్నాక కూడా తెలుగు మాట సాగుతానే ఉండేది. తెలుపు నలుపు బొమ్మలో ఒకాయనకు టమాటా కోయడం చేతకాదు. రంగుల బొమ్మ రాగానే కొత్త కత్తితో చెప్పును కూడా కోసేస్తాడు. వంటింట్లో చెప్పు కోసే పని ఎవరికి అని అడగని ఇల్లు లేదు.

మాది ఇంటి తెలుగు. బడిలో చదివింది తమిళం. అట్లాంటి మాకే ఆ తెలుగు వింటే నవ్వొచ్చేది. "పెనం కొనుక్కోండి" అంటే అయిపోయే దానికి "ఈ అద్భుతమైన ఉత్పత్తిని ఈరోజే మీ సొంతం చేసుకోండి" అనేవాళ్ళు. ఇంకొక తమాషా మన ఎల్లవాళ్ళకే దక్కింది. మనకు మూడు భాషల ఛానళ్ళూ వస్తాయి కదా. అదే ఆడమనిషి, అదే చీర, అదే మోకాలి నొప్పి. రిమోట్ నొక్కితే తెలుగులో ఒక పేరు, తమిళంలో ఇంకొకటి, కన్నడంలో మూడోది!

2008లో హోమ్‌షాప్18 వచ్చింది. అప్పటి నుంచి రోజంతా అమ్మకమే. తర్వాత తెలుగు, తమిళ షాపింగ్ ఛానళ్ళు కూడా వచ్చినాయి. ఇక్కడ అమ్మేవాళ్ళ మీద మాకు జాలి కూడా ఉంది. ఒక పాత్ర గురించి 30 నిమిషాలు మాట్లాడాల. దాంట్లో విషయం 2 నిమిషాలకే అయిపోతుంది. మిగతా 28 నిమిషాలు ఆ పాప ఏం చేస్తుంది? తిప్పి చూపిస్తుంది, తట్టి వినిపిస్తుంది, "మూత కూడా ఉందండీ, పెడితే మూసుకుంటుంది!" అని ఆశ్చర్యపోతుంది. రైల్వే కౌంటరు వెనక ఏండ్ల తరబడి కూర్చున్న మాకు ఒకటి తెలుసు. ఎదుటి మనిషి మొహం కనపడితేనే మాట అదుపులో ఉంటుంది. ఆ పాప ఎదుట కెమెరా తప్ప మొహం లేదు.

"ఇంకా ఐదు నిమిషాలే ఉంది, వెంటనే ఫోన్ చేయండి" అంటారు. మరుసటి రోజు అదే చీర, అదే ఐదు నిమిషాలు. మనం నవ్వుకున్న ఈ మాటే 2022 ఫిబ్రవరిలో సర్కారు ఆర్డరుకు ఎక్కింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ నాప్టాల్‌కు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. బంగారు నగల సెట్టు, అయస్కాంతపు మోకాలి పట్టీ, ఆక్యుప్రెషర్ చెప్పుల ప్రకటనలు తప్పుదారి పట్టించేవని తేల్చింది. ముందే తీసిన కార్యక్రమమైతే అట్లని తెర మీద చెప్పాలంది. ఈ పొద్దుకే దొరుకుతుందని లేని కొరత పుట్టించడం మానుకోవాలంది.

అయితే నవ్వేవాళ్ళు ఎట్లాగూ మోసపోరు. నవ్వని వాళ్ళ గురించే మా దిగులు. పిల్లలు పొద్దున్నే బెంగళూరుకు పనికి పోతారు. ఇంట్లో పెద్దామె ఒక్కతే. రోజంతా ఆమెను "అమ్మా, మీ మోకాలు నొస్తోందా?" అని అడిగేది ఆ పెట్టె ఒక్కటే. సంతలో పక్కన నవ్వే నలుగురు ఉండేవాళ్ళు. ఇక్కడ ఆ నలుగురూ లేరు.

కాబట్టి సభ్యులకు మా మనవి. టీవీ ఆపేయమని పెద్దవాళ్ళ మీద అరవొద్దు. ఒక అరగంట పక్కన కూర్చోండి, కలిసి చూడండి, కలిసి నవ్వండి. మోకాలు నొస్తోందా అని మీరే ముందు అడగండి. ఎవరైనా ఇప్పటికే దుడ్డు పోగొట్టుకుని ఉంటే సిగ్గుపడొద్దు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. ఫోన్ చేయడం తెలియకపోతే మన సంఘంలో ఎవరినైనా అడగండి, పక్కన కూర్చుని చేసిపెడతాం.