మన ఊరి పెద్దాయన వేసిన పిటిషన్

ఈ నెల రోజులుగా మన గ్రూపులో ఒకటే సందడి. ఏఐకి ఫొటో ఇస్తే బొమ్మ గీసిస్తోంది, పిల్లలకు వ్యాసాలు రాసిపెడుతోంది. సరదాపడి మేమూ ఇచ్చాం. ఇచ్చాక మన మొహం ఎవరి సొత్తు? ఈ ప్రశ్నకు మన బెంగళూరులోనే ఒక చరిత్ర ఉంది.

కె.ఎస్. పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసి 1986లో రిటైరయ్యారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా ఉన్నారు. అంటే మనవాళ్ళకు కొత్తవారేం కాదు. 2012లో, 86 ఏళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి ఆధార్‌కంటూ ఒక చట్టం లేదు, అది 2016లో గాని రాలేదు. వేలిముద్రలు, కనుపాపలు మాత్రం అప్పటికే తీసేసుకుంటున్నారు. తమాషా ఏమిటంటే, ఆధార్‌ను మొదలుపెట్టి నడిపించిన నందన్ నీలేకని గారిదీ ఈ ఊరే.

గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 1954 నాటి ఎం.పి. శర్మ కేసు ఎనిమిది మంది జడ్జీలది, 1962 నాటి ఖరక్ సింగ్ కేసు ఆరుగురిది. వాటిని దాటాలంటే ఇంకా పెద్ద బెంచి కావాలి. తొమ్మిది మంది కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాట చెప్పారు: అది ప్రాథమిక హక్కే.

అందులో మన కృష్ణా జిల్లా పెదముత్తేవి వారు, జస్టిస్ చలమేశ్వర్ గారు, విడిగా రాసిన అభిప్రాయం మాకు బాగా నచ్చింది. గోప్యతను ఆయన మూడుగా చూశారు. అనవసరమైన ప్రేరేపణల బెడద లేకపోవడం, తొంగిచూసే కళ్ళ నుంచి రక్షణ, సొంత విషయాల్లో సొంత నిర్ణయం. రెండోది అందరికీ తెలుస్తుంది. మొదటిదీ మూడోదీ చదివితే ఇవాళ్టి ఫోనే గుర్తొస్తుంది. మనం ఏది చూసి ఆగామో లెక్కపెట్టుకుని, తర్వాత ఏం చూడాలో అదే తేలుస్తోంది. పిల్లాడు వ్యాసంలో ఏమనుకోవాలో కూడా అదే చెబుతుంటే, నిర్ణయం ఎవరిదన్నట్టు?

పుట్టస్వామి గారు పూర్తిగా గెలిచారని అనలేం. 2018 తీర్పులో ఆధార్ నిలిచింది, ప్రైవేటు కంపెనీలు దాన్ని అడిగే వీలు కల్పించిన నిబంధన మాత్రం పోయింది. డేటా రక్షణ చట్టం 2023 దాకా రాలేదు. ఆయన 2024 అక్టోబరులో, 98వ ఏట, ఈ ఊళ్ళోనే కన్నుమూశారు.

ఇక మన సంగతి. మన సభ్యత్వ ఫారంలో ఆధార్ నకలు జతచేయాలని ఇప్పటికీ ఉంది. ఎందుకని అడిగితే కమిటీలో మాకెవరికీ జవాబు తోచలేదు. వచ్చే సమావేశంలో ఆ వరుస కొట్టేయాలని ప్రతిపాదిస్తున్నాం. పాత నకళ్ళు బీరువాలో రెండు కట్టలున్నాయి, వాటినేం చేయాలో కూడా ఆ రోజే తేలుద్దాం.