ఒళ్లో ఉంటే ఏమైతది? పిల్లల కారు సీటు వెనక కథ

ఈ రోజు కూడా చరిత్రే. కాకపోతే రాజులు, కోటలు లేవు. కారులో చిన్నపిల్లలు కూర్చునే సీటు చరిత్ర. నవ్వకండి, కాసేపు ఆగండి. ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. తప్పు నాదే కాబట్టి నేనే చెప్పాలి.

మాది రామాయంపేట. 44వ నంబరు జాతీయ రహదారికి మెదక్-సిద్దిపేట రోడ్డు తగిలే చోట ఉంటుంది మా ఊరు. హైదరాబాద్ ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ప్రతి శుక్రవారం రాత్రి ఈ రోడ్డు మీదే ఇంటికొచ్చేవాణ్ణి. నార్సింగి, చేగుంట, మాసాయిపేట, తూప్రాన్... వరస కళ్లు మూసుకుని చెప్పగలను. రోడ్డు బాగా తెలుసు అన్న ధీమా ఉంది చూశారా, అదే కొంప ముంచింది.

రెండేళ్ల కింద మా అక్క, బావ అమెరికా నుంచి వచ్చారు. బాబుకు అప్పుడు పద్నాలుగు నెలలు. మేడ్చల్‌లో చుట్టాలింటికి అందరం బయల్దేరాం. అక్క ముందే అడిగింది: "తమ్మీ, కార్ సీట్ ఏమన్న దొరుకుతదారా?" గంట ప్రయాణానికి ఎందుకని నేను పట్టించుకోలేదు. అమ్మ అయితే నవ్వింది. "నా ఒళ్లె కూసోబెట్టుకుంట గదనే. మీ ఇద్దర్ని గట్లనే పెంచిన. ఏమైతది?" అని ముందు సీట్లో బాబును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తూప్రాన్ దాటలేదు. డివైడర్ సందులోంచి ఒక బైక్ అడ్డం వచ్చింది. బ్రేక్ కొట్టాను. దేన్నీ గుద్దలేదు. బండి ఆగింది. బాబు ఆగలేదు. అమ్మ చేతుల్లోంచి జారి నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. అంతే, అదృష్టం. కానీ ఆ రోజంతా అమ్మ ఒకటే మాట: "గట్టిగనే పట్టుకున్న గదరా..."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమె నిజంగానే గట్టిగా పట్టుకుంది. మరి ఎందుకు ఆగలేదు?

ముందు లెక్క చూద్దాం

బీటెక్ చదివినందుకు ఇక్కడైనా పనికొచ్చింది. కారు 50 కిలోమీటర్ల స్పీడులో ఉండి దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 10 కిలోల బిడ్డను ఆపి ఉంచాలంటే చేతులు సుమారు 140 కిలోల బరువును మోసినంత బలం పెట్టాలి. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు ఐదున్నర, ఒక్కసారి, ముందస్తు కబురు లేకుండా. పహిల్వాన్ వల్ల కూడా కాదు. మా అమ్మ ప్రేమలో లోటేం లేదు, ఫిజిక్స్‌కు ప్రేమ తెలీదు.

ఇంకోలా చూడండి. 50 స్పీడులో గుద్దడం అంటే సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి పడినట్టు. 80 అయితే పాతిక మీటర్లు, ఎనిమిది అంతస్తులు. మన హైవే మీద 80 అంటే నిమ్మళంగా పోతున్నట్టు లెక్క!

మరి అమ్మ ఎందుకు నమ్మింది? ఎందుకంటే ఆమె చూసిన ప్రపంచంలో ఒడి నిజంగానే భద్రమైన చోటు. ఎడ్లబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. అక్కడ ఒడి చాలు, చంక చాలు. తర్వాత అంబాసిడర్లు వచ్చాయి, 1983 చివర్లో మారుతి 800 వచ్చింది. స్పీడు మారింది, ఒడి మాత్రం మారలేదు. అలవాటు ఎడ్లబండి కాలంలో ఉండిపోయింది, మనం హైవే ఎక్కేశాం.

రాకెట్ బండి ఎక్కిన డాక్టర్

ఇది మన దగ్గరే జరిగిన పొరపాటు అనుకోకండి. 1930లలో అమెరికాలో కారులో పిల్లల సీట్లు అమ్మారు. దేనికో తెలుసా? బిడ్డ అటూ ఇటూ పాకకుండా ఉండటానికి, ఎత్తులో కూర్చుని కిటికీలోంచి బయటికి చూడటానికి. ప్రమాదంలో కాపాడాలన్న ఆలోచనే అందులో లేదు.

ఆలోచన మారింది విమానాల వల్ల. అమెరికా వైమానిక దళంలో జాన్ పాల్ స్టాప్ అని ఒక డాక్టర్. మనిషి శరీరం ఎంత కుదుపు తట్టుకోగలదో తెలుసుకోవడానికి పట్టాల మీద రాకెట్ బండి కట్టించి, తనే అందులో కూర్చున్నాడు. 1947లో మొదటి ప్రయాణం వీపు ముందుకు పెట్టి, అంటే వెనక్కి తిరిగి కూర్చుని చేశాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1954 డిసెంబర్ 10న గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన వేగం నుంచి సెకనున్నర కూడా కాకముందే ఆగిపోయాడు. కళ్లల్లో రక్తనాళాలు చిట్లాయి, కాసేపు చూపు పోయింది. కానీ బతికాడు. ఎందుకు? పట్టీలతో గట్టిగా కట్టి ఉన్నాడు కాబట్టి. విమాన ప్రమాదాల్లో కంటే కారు ప్రమాదాల్లోనే తమవాళ్లు ఎక్కువమంది పోతున్నారని గమనించి, ఆయన కార్లలో బెల్టుల కోసం పోరాడాడు.

తర్వాత స్వీడన్. నీల్స్ బోలిన్ అంతకు ముందు యుద్ధ విమానాల్లో పైలట్‌ను బయటికి విసిరే సీట్లు తయారుచేసిన ఇంజనీర్. వోల్వో కంపెనీకి వచ్చి, 1959లో భుజం మీదుగా, నడుం మీదుగా పోయే మూడు బిందువుల బెల్టు ఇచ్చాడు. ఈ రోజు మీ కారులో ఉన్నది అదే. పేటెంట్ ఉన్నా వోల్వో దాన్ని మిగతా కంపెనీలు వాడుకోవడానికి వదిలేసింది. మన భాషలో ఓపెన్ సోర్స్ చేసేసింది.

కానీ ఆ బెల్టు పెద్దవాళ్ల కొలతలకు చేసింది. పసిబిడ్డకు అది మెడ మీద, పొట్ట మీద పడుతుంది. పైగా బిడ్డ తల శరీరంలో నాలుగో వంతు, మెడ ఇంకా గట్టిపడలేదు. ముందుకు చూస్తూ కూర్చుంటే బరువంతా ఆ మెడ మీదే.

దీనికి దారి చూపింది కూడా స్వీడన్ మనిషే, ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్. జెమిని అంతరిక్ష యాత్రికులు వెల్లకిలా పడుకుని ఉంటే రాకెట్ తోపు వీపు మొత్తానికీ పరుచుకుంటుందని చూసి, బిడ్డను కూడా వెనక్కి తిప్పి కూర్చోబెడితే? అనుకున్నాడు. 1964లో నమూనా తయారైంది. కారు ముందు నుంచి గుద్దితే బిడ్డ వీపు, తల, మెడ మొత్తం సీటులోకి ఒత్తుకుంటాయి. మెడ ఒక్కటే మొయ్యదు. స్టాప్ వెనక్కి తిరిగి కూర్చున్నది గుర్తుందా? అదే సూత్రం. 1972లో వోల్వో అలాంటి సీటు తెచ్చింది, 1978లో కాస్త పెద్ద పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్ కుషన్ తెచ్చింది.

చట్టంలో కూడా ఒళ్లో ఒక సందు

నాకు అన్నిటికంటే నచ్చిన, భయపెట్టిన భాగం ఇది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం, మర్ఫ్రీస్‌బరో ఊరు. అక్కడ రాబర్ట్ సాండర్స్ అనే పిల్లల డాక్టర్. కారు ప్రమాదాల్లో పసివాళ్లు పోవడం చూడలేక, చైల్డ్ సీటు తప్పనిసరి చేయమని శాసనసభ చుట్టూ తిరిగాడు. మొదటిసారి ఓడిపోయాడు. 1977లో చట్టం పాసైంది, 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది.

అయితే అందులో ఒక మినహాయింపు ఇరికించారు: పెద్దవాళ్లు బిడ్డను చేతుల్లో పట్టుకుంటే సీటు అక్కర్లేదట! అచ్చం మా అమ్మ మాటే. అక్కడి శాసనసభ్యులు కూడా "ఒళ్లో ఉంటే ఏమైతది" అనే అన్నారు. గుద్దినప్పుడు వెనక ఉన్న పెద్దమనిషి బరువంతా బిడ్డ మీదే పడుతుంది కాబట్టి, దాన్ని పిల్లల్ని నలిపేసే సవరణ అని పిలిచారు. సాండర్స్ వదల్లేదు. 1981లో ఆ మినహాయింపు తీసేయించాడు. 1985 కల్లా అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు వచ్చాయి.

ఈ రోజు మన తెలుగు వాళ్లు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బిడ్డను కంటే, కారు సీటు లేకుండా ఆసుపత్రి నుంచి ఇంటికి కదలరు. మా అక్క ఆ రోజు అడిగింది ఈ అలవాటుతోనే. నేను దాన్ని అమెరికా షోకు అనుకున్నా. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్క ప్రకారం, సరిగ్గా వాడిన సీటు వల్ల కార్లలో ఏడాది లోపు పిల్లలకు ప్రాణాపాయం 71 శాతం, 1 నుంచి 4 ఏళ్ల పిల్లలకు 54 శాతం తగ్గుతుంది. ఇందులో షోకు ఎక్కడుంది?

మరి మన దగ్గర?

చట్టం మన దగ్గరా ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 194బి సెక్షన్: 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా. చాలామందికి తెలియదు. 2022 సెప్టెంబర్ 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా చనిపోయాక, కొన్నాళ్లు వెనక బెల్టు గురించి టీవీల్లో మాట్లాడుకున్నాం. తర్వాత మర్చిపోయాం.

ఇంకో మాట. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది కదా, "నాది ఫైవ్ స్టార్ బండి మామా" అని స్టేటస్ పెడతాం. పిల్లల భద్రతకు అందులో విడిగా 49 మార్కులు ఉన్నాయి. పరీక్షలో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల సైజు బొమ్మలను పెడతారు. ఎక్కడ? చైల్డ్ సీట్లో. మీ బిడ్డ ఒళ్లో ఉంటే ఆ స్టార్లు మీ బిడ్డవి కావు.

గుర్తుంచుకోవాల్సినవి నాలుగే. పిల్లల చోటు వెనక సీటు. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెడితే ఎయిర్‌బ్యాగ్ పేలి నేరుగా బిడ్డకే తగులుతుంది. వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో అసలు పెట్టొద్దు. సీటు కొలతలు ఒప్పుకున్నంత కాలం బిడ్డ వెనక్కి తిరిగే ఉండాలి, తర్వాత ముందుకు తిరిగిన సీటు, తర్వాత బూస్టర్. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాక, బెల్టు భుజం మీద, తుంటి ఎముకల మీద సరిగ్గా కూర్చుంటేనే మామూలు సీటు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేయొద్దు, మళ్లీ ఆ నలిపేసే కథే.

ఆటోలో, ఆర్టీసీ బస్సులో ఇదంతా కుదరదు, నాకూ తెలుసు. కానీ కారు కొన్నవాళ్లం, అలాయ్ వీల్స్‌కు, స్పీకర్లకు డబ్బులు పెట్టినవాళ్లం, మనకు సాకు లేదు.

మా రోడ్డు మీదే మాసాయిపేట ఉంది. 2014 జూలై 24న అక్కడ కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. ఆ పిల్లలను మా జిల్లా మర్చిపోదు. అలాంటి గేట్లు దేశమంతా వరసగా తీసేశారు, 2019 మొదట్లోకి బ్రాడ్ గేజ్ లైన్ల మీద లేకుండా చేశారు. అది సర్కారు చేయాల్సిన పని. మన కారు లోపల మాత్రం ఏ సర్కారూ గేటు పెట్టదు. అక్కడ గేట్‌మన్ మనమే.

బాబుకు ఇప్పుడు మూడేళ్లు దాటాయి. నుదుటి మీద చిన్న గీత ఉంది. మొన్న దసరాకు వచ్చినప్పుడు సీటు ముందే కొని బిగించి పెట్టా. బయల్దేరే ముందు అమ్మే వెనక తలుపు తీసి, వంగి, పట్టీలు లాగి చూసి అడిగింది: "టక్ మన్నదారా? నాకైతే ఇనబడలే. మల్లొక్కసారి పెట్టు."

మళ్లీ పెట్టా. టక్‌మంది. అప్పుడు తీశా బండి.

ఈ ఎపిసోడ్ ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో "ఏమైతది" అనే వాళ్లుంటే వాళ్లతో గొడవ పడకండి, పక్కన కూర్చుని ఆ బియ్యం బస్తాల లెక్క చెప్పండి. వచ్చే వారం కలుద్దాం.