మెట్టసీమ వింతల చిట్టా

మా యింట పాత దస్త్రములలో ఒక చిట్టా పుస్తకము కలదు. మా తండ్రిగారు వేరుసెనగ కాయల లెక్కలు వ్రాసికొనుటకై కుట్టించినది. వరుసగా వానలు తప్పిన ఏండ్లలో లెక్కలు ఆగిపోయి, సగము పుటలు వట్టివిగా మిగిలినవి. ఆ వట్టి పుటలను నేను వేఱొక లెక్కకు వాడుకొంటిని. కడప, కర్నూలు ప్రాంతములలో ఊరూర తిరిగినపుడు కంటికి వింతగా తోచినవానిని, చెవికి విడ్డూరముగా సోకినవానిని అందులో పద్దులుగా వ్రాసియుంచితిని. కర్నూలు అనగా 2022లో నంద్యాల జిల్లా వేరుపడుటకు ముందున్న పాత జిల్లా అని గ్రహింపవలెను. నేడు ఆ పద్దులలో కొన్నింటిని మీకు చదివి వినిపించెదను.

పై జిల్లాల మిత్రులు మా యింటికి వచ్చినపుడు, "మీ సీమలో ఏమున్నదండీ, రాళ్లును కరవును తప్ప" అని నవ్వుదురు. ఆ మాటకు నా చిట్టాయే సమాధానము.

మొదటి పద్దు తోలుబొమ్మది. కడప జిల్లాలో చక్రాయపేట చెంత సురభి యను పల్లె కలదు. పూర్వము మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాటతో పొట్టపోసికొనుచుండిన కుటుంబములవారు ఆ ప్రాంతమున తిరుగుచుండిరి. 1885లో ఆ పల్లెలో ఒక పెండ్లి సందర్భమున వనారస గోవిందరావుగారును వారి వారును, బొమ్మల నాడించుటకు మారుగా తామే వేషములు ధరించి, తెర ముందుకు వచ్చి, కీచకవధ నాటకమును ఆడిరి. సురభి నాటకములకు అదియే పుట్టుక.

అందలి వింత యేమనగా, సురభివారి నాటకములలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. ఆ కాలమున పట్టణములలోని గొప్ప నాటకసమాజములయందును మీసములు గొఱిగించుకొన్న మగవారే ద్రౌపదులు, చంద్రమతులు. చదువుకొన్న పట్టణవాసులు చేయ సాహసింపని పనిని ఒక మెట్టపల్లెలో బొమ్మలాటవారు చేసిరి. బొమ్మలాటలో ఇంటి యాడువారు తెర వెనుక పాటలు పాడుట ఆచారమే గదా. తెర వెనుకనుండి తెర ముందుకు వచ్చుటకు వారికి నాలుగడుగులే పట్టినవి.

నా బాల్యమున మా తిరునాళ్లకు సురభివారు డేరా వేసి మాయాబజారు ఆడిరి. నిద్రించుచున్న శశిరేఖ మంచముతో సహా గాలిలో తేలిపోవుట చూచి నేను మా తాతగారి పంచె పట్టుకొని వణకితిని. మఱునాడుదయమున ధైర్యము చేసి డేరా వెనుకకు పోయి చూచితిని. ఒక ముసలాయన కప్పీకి నూనె పెట్టుచుండెను. "మాయ యెక్కడ నున్నది తాతా?" అని అడిగితిని. ఆయన తన అరచేతిని చాచి చూపెను. త్రాళ్లు లాగి లాగి అది కాయలు కాచియుండెను.

ఆ కుటుంబములనుండి వచ్చిన సురభి కమలాబాయిగారు 1932లో, తొలి సంపూర్ణ తెలుగు మాటల చిత్రమైన భక్తప్రహ్లాదలో లీలావతి పాత్రను ధరించిరి. ఆ పిమ్మట కడప జిల్లావారే యైన బి. నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కూడి 1947లో చందమామ పత్రికను వెలువరించిరి. వారిరువురి విజయా సంస్థనుండి 1957లో మాయాబజార్ చిత్రము వచ్చెను. తోలుబొమ్మనుండి డేరాకు, డేరానుండి వెండితెరకు మన తెలుగువారి వేడుక నడచిన త్రోవలో ఈ కరవుసీమ మనుష్యుల అడుగుజాడలు ఇన్ని కలవు. సురభివారు తరువాత హైదరాబాదునకు చేరిరి. 2013లో వారి పెద్ద, బాబ్జీ యని పిలువబడు నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ బిరుదము లభించినది. సంతోషమే. కాని పుట్టిన సీమ తిరునాళ్లలో ఆ డేరా కనబడుట అరుదైపోయినది.

రెండవ పద్దు గండికోటది. పెన్నానది కొండను చీల్చుకొని పాఱు ఆ గండిని మీలో పలువురు చూచియే యుందురు. పెమ్మసానివారి చేతినుండి ఆ కోటను గోలకొండ సుల్తాను మంత్రి యైన మీర్ జుమ్లా పట్టుకొనిన కొలది కాలమునకు, 1652లో, తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు అచ్చటికి వచ్చెను. అతడు తన యాత్రాగ్రంథమున ఒక ముచ్చట వ్రాసినాడు. మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పోయుటకు ఒక ఫ్రెంచి పనివాడుండెను. దేవాలయములనుండి రాగివిగ్రహములను తెప్పించి, వానిని కరగించి ఫిరంగులు పోయుమని అతనికి ఆజ్ఞ యయ్యెను. కాని గండికోట గుడిలోని కొన్ని పెద్ద విగ్రహములు మాత్రము, ఎంత సొమ్ము వెచ్చించినను, ఎన్ని ఉపాయములు పన్నినను, కరగలేదట. పూజారులు మంత్రము వేసిరని మీర్ జుమ్లా వారిని బెదరించెనట. తుదకు ఆ పనివాడు ఒక్క ఫిరంగినైనను సరిగా పోయజాలక కొలువు విడిచి పోయెనని తావెర్నియే వ్రాత.

అది దేవుని మహిమయా, కొలిమిలో లోపమా, మీ మీ మనస్సుల కెట్లు తోచిన నట్లనుకొనుడు. నన్ను బాధించిన సంగతి వేఱు. మన గండికోటలో జరిగిన యీ కథను ఆ చుట్టుపట్ల పల్లెలలో ఎవరినోటను నేను వినలేదు. పరదేశి వర్తకుని పుస్తకములో మాత్రము అది నిలిచినది. పూజారులు ఏమనుకొనిరో, ఊరివారు ఆ రాత్రులు ఎట్లు గడపిరో చెప్పువారు లేరు. వ్రాసినవాని కథయే మిగిలినది. పడినవాని కథ పోయినది.

ఇక పెన్న దాటి ఉత్తరముగా బనగానపల్లెకు పోదము. మామిడిపండు వలన ఆ పేరు దేశమంతట తెలిసినది. దానికి దాపున యాగంటి క్షేత్రము. అచ్చటి బసవన్న ఏటేట పెరుగుచున్నాడని మన పెద్దల నమ్మకము. కలియుగాంతమున లేచి ఱంకె వేయునని బ్రహ్మంగారి కాలజ్ఞానపు మాటగా ఇంటింట చెప్పుకొందురు. అగస్త్యుని శాపము చేత అచ్చట కాకి వాలదనియు అందురు. ఈ కథలు మీకు నాకంటె బాగుగ తెలియును గనుక, అచ్చటికి కొలది దూరముననే యున్న జ్వాలాపురమను పల్లెను గూర్చి చెప్పెదను.

ఆ పల్లె పొలములలో పై మన్ను త్రవ్వినచో తెల్లని మెత్తని బూడిద పడును. కొన్నిచోట్ల నిలువెత్తుకు మించిన మందము. ఊరివారు దానిని ఏనాడో ఎఱుగుదురు. త్రవ్వి బండ్ల కెత్తిరి. అంట్లు తోము పొడులకై అమ్మిరి. అది ఏ యజ్ఞము బూడిదయో, ఏ రాక్షసుని కాల్చిన బూడిదయో యని ఒక వృద్ధుడు నాతో ననెను. శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పిన కథ అంతకంటె వింత. సుమారు 74,000 ఏండ్లనాడు, సముద్రమున కావల, ఇచ్చటికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైబడిన దూరమున, సుమత్రా ద్వీపములో తోబా యను అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని బూడిద గాలిలో ఎగిరివచ్చి మన దేశముపై రాలినది. వానలకు కొండవాలులనుండి కొట్టుకొనివచ్చి ఈ లోయలో మేటవేసినది.

ధారవాడ విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కోరిశెట్టరుగారును, మైకేల్ పెట్రాగ్లియా మొదలగు పండితులును అచ్చట త్రవ్వకములు జరపి 2007లో తమ పరిశోధనను ప్రకటించిరి. బూడిదపొరకు క్రిందను, దానికి పైనను గూడ మనుష్యులు చేసిన రాతి పనిముట్లు దొరకినవి. పై పనిముట్లును క్రింది పనిముట్లును పోలియుండుటను బట్టి, అంతటి ఉపద్రవము తరువాతను ఈ లోయలో మనుష్యులు బ్రతికి బట్టకట్టిరని వారి వాదము. కాదను పండితులును కలరు. వాదము నడచుచునే యున్నది. ఏది యెట్లైనను, మానవజాతి చరిత్రలో ఒక పెద్ద ప్రశ్నకు సాక్ష్యము మన పల్లె పొలములో పడియున్నది. మనము దానితో గిన్నెలు తోముకొంటిమి. ఇది నిందించుటకు చెప్పుట లేదు. తెలియనివాడు చేసినది తప్పు కాదు. తెలిసిన పిమ్మటను ఆ బూడిద బండ్ల కెక్కినచో మాత్రము తప్పే యగును.

కొలిమిగుండ్ల దాపున నున్న బెలుము గుహల కథయు నిట్టిదే. రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1884లో వానిని గూర్చి వ్రాసెను. తరువాత నూఱేండ్లవఱకు పట్టించుకొన్నవారు లేరు; చెత్త పోయుటకు ఆ బిలము పనికివచ్చినది. 1982, 83 సంవత్సరములలో గెబావర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తన బృందముతో దిగి కొలిచెను. మూడు కిలోమీటర్లకు పైబడిన గుహ యని తేలినది. చెత్త తీసి, దీపములు పెట్టి, 2002లో జనులకు తెఱచిరి. చెత్తకుప్ప క్రింద పాతాళపు మేడ యుండెనన్న మాట!

నేలక్రింది వింతలు చాలు. మనుష్యుల వింతలు రెండు మూడు చెప్పెదను. తిరుమలకు తొలి గడప యని పేరొందిన దేవునికడపలో ఉగాదినాడు ముసల్మానులు కుటుంబములతో వచ్చి వేంకటేశ్వరునికి కాయకర్పూరము లర్పింతురు. బీబీ నాంచారి తమ యింటి ఆడుబిడ్డ గనుక స్వామి తమకు అల్లుడని వారి మాట. పండుగనాడు అల్లుని మర్యాద చేయకుండుట యెట్లు? కోడుమూరు కొండపై శ్రావణమాసపు మూడవ సోమవారమున భక్తులు రాళ్లక్రింద తేళ్లను వెదకి పట్టుకొని కొండలరాయునికి కానుక పెట్టుదురు. ఆస్పరి మండలములోని కైరుప్పలలో ఉగాది మఱునాడు ఊరివారు రెండు పక్షములై పిడకలతో కొట్టుకొందురు. వీరభద్రునికిని కాళికాదేవికిని జరిగిన ప్రణయకలహమునకు గుఱుతుగా అని చెప్పి, తుదకు వారిరువురికి కల్యాణము చేయుదురు.

అయినను వింత యను పేర అన్నింటిని మెచ్చుకొనరాదు. దేవరగట్టులో విజయదశమి రాత్రి జరుగు కఱ్ఱలయుద్ధమున ఏటేట తలలు పగులుచున్నవి. ప్రాణములు పోయిన ఏండ్లును కలవు. మాళమల్లేశ్వరుని ఉత్సవము నిలువవలెను. పగిలిన తలతో ఇంటికి వచ్చిన బిడ్డను చూచిన తల్లి కన్నీరు నిలువరాదు. ఆ పద్దును నా చిట్టాలో ఎఱ్ఱసిరాతో వ్రాసితిని.

కడపటి పద్దు ఒక పిట్టది. సిద్ధవటము ప్రాంతపు ముండ్లపొదలలో తిరుగు కలివికోడి అది. కలివిపొదలనుబట్టి వచ్చిన పేరు. చెన్నపట్టణపు సైన్యములో వైద్యుడైన జెర్డాన్ దొర కనుగొనగా 1848లో శాస్త్రగ్రంథములకెక్కెను. 1900 తరువాత దానిని చూచినవారు లేరు. లోకములోనే అది అంతరించినదని పండితులు నిశ్చయించిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు చెందిన భరత్‌భూషణ్‌గారు కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గఱ దానిని మరల కనుగొనిరి. ఎట్లు కనుగొనిరి? ఆయన పల్లెలలో పిట్టబొమ్మను చూపి విచారించుచు తిరిగెను. పిట్టలను పట్టు ఒక పల్లెవాసి దానిని గుర్తించి, రాత్రివేళ దీపపు వెలుగున పట్టి తెచ్చెను. అది రాత్రి తిరుగు పిట్ట. పగటి పండితులకు ఎట్లు కనబడును? దాని నెలవు కాపాడుటకై తరువాత తెలుగుగంగ కాలువ త్రోవనే మార్చవలసి వచ్చెను. అయినను అది మరల కానరాక, వెదకువారిని ఏండ్ల తరబడి ఏడిపించినది.

ఎనుబదియాఱేండ్లు లోకము పోయినదనుకొన్న ప్రాణి, మన పల్లెవానికి పోలేదు. ఎవరును అతనిని అడుగలేదు, అతడు చెప్పలేదు. అంతే. ఈ చిట్టా అంతటి సారము ఇదియే. బూడిద ఊరివారికి తెలియును, గుహ తెలియును, పిట్ట తెలియును. అడుగువాడు వచ్చినవఱకు ఆ తెలివికి విలువ కలుగలేదు. వేమన్న పద్యములును ఇట్లే పల్లెజనుల నోళ్లలో నుండగా, పండితులు చులకన చేయగా, కడపలో ఉద్యోగము చేసిన బ్రౌను దొర తాళపత్రములు వెదకి ప్రోగుచేసి 1829లో అచ్చు వేయించెను. ఆయన బంగళా యుండిన చోటనే నేడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయము వెలసినది.

పెద్దలారా, ప్రతిసారియు దొరలును దూరదేశపు పండితులును వచ్చి అడుగువఱకు మనము కూర్చుండవలెనా? మీ యూరి గుట్ట పేరెట్లు వచ్చినది, ఏ బావి ఎవరు త్రవ్వించిరి, ఏ కరవులో ఎవరు గంజి పోసిరి, ఏ పిట్ట కూత ఇప్పుడు వినబడుట లేదు, ఇవి మీకు తెలిసినట్లు ఇంకెవరికిని తెలియవు. ఒక పుస్తకము కుట్టించుడు. కన్నది వేఱుగను, విన్నది వేఱుగను వ్రాయుడు. ఎవరు చెప్పిరో, ఏ యేట చెప్పిరో ప్రక్కన చేర్చుడు. వన్నెకు ఒక్క మాటయు కలుపకుడు; ఉన్నదే చాలినంత వింత. చేయి వణకినచో మనుమనిచేత వ్రాయింపుడు. వానికి అక్షరములును దిద్దిన ట్లుండును, ఊరును తెలిసిన ట్లుండును.

నా చిట్టాలో ఇంకను పదునొకండు పుటలు వట్టివిగా నున్నవి. ఈ ప్రసంగము విన్నవారు, చదివినవారు ఎవరైనను మా యూరివైపు వచ్చినచో వానిని నింపి పొండు.