తప్పిన పరీక్ష, వదలని ముద్ర

కలకత్తా విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులిద్దరూ నిజానికి ఒక సబ్జెక్టు తప్పినవారే. 1858లో జరిగిన మొదటి బి.ఏ. పరీక్షలో బంకించంద్ర చటోపాధ్యాయ, జదునాథ్ బోస్ ఐదు సబ్జెక్టులలో నెగ్గి, ఆరవ దానిలో ఏడుకు మించని మార్కుల తేడాతో ఆగిపోయారు. విశ్వవిద్యాలయం ఆ కొరతను గ్రేస్ మార్కులతో పూడ్చి పట్టా ఇచ్చింది. ఆ ఏడాదే బంకిం డిప్యూటీ మేజిస్ట్రేటుగా కొలువులో చేరి, 1891 వరకు పనిచేశారు. ‘వందేమాతరం’ కర్త నేడు ఇంజినీరింగ్ విద్యార్థి అయి ఉంటే, అనేక ప్రాంగణ నియామకాల గుమ్మం వద్దనే ఆయనను ఆపివేసేవారు.

పరీక్షకూ కొలువుకూ ముడివేసింది వలస ప్రభుత్వమే. ఇంగ్లీషు చదివినవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యమిస్తామని గవర్నర్ జనరల్ హార్డింజ్ 1844లో ప్రకటించాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడిన ఇవి తొలినాళ్లలో పాఠాలు చెప్పలేదు; పరీక్షలు పెట్టి పట్టాలిచ్చాయి. అయినా ఆ కాలంలో ‘బి.ఏ. ఫెయిల్’ అన్నది కూడా ఒక అర్హతగా చెలామణీ అయింది. అంతదాకా చదివాడన్న గౌరవం అందులో ఉండేది.

స్వాతంత్ర్యానంతరం ఈ ముడిని సడలించాలన్న ఆలోచన రాకపోలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ఒకే ఒక్క సంస్కరణ సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణేనని తేల్చింది. 1986 జాతీయ విద్యావిధానం కొన్ని రంగాలలో ఉద్యోగాలను డిగ్రీల నుంచి వేరు చేస్తామన్నది. ఆచరణలో జరిగింది వేరు. 1991 తరువాత సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలు విస్తరించాయి. దక్షిణాదిన ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు పేదింటి పిల్లలకూ ఆ తలుపు తెరిచింది. ఉద్యోగాలకు మించి అభ్యర్థులు పోగైనప్పుడు సంస్థలకు ఒక జల్లెడ కావలసివచ్చింది. పదో తరగతి నుంచి బి.టెక్. దాకా అరవై శాతం, బ్యాక్‌లాగ్ ఉండరాదు అన్న షరతులు ఆ విధంగా స్థిరపడ్డాయి.

ఇందులో రెండు వేర్వేరు నియమాలున్నాయి. చేరేనాటికి సబ్జెక్టులేవీ మిగిలి ఉండరాదనడం న్యాయమే; పట్టా లేనివాడిని పట్టభద్రుడిగా తీసుకోమని ఎవరూ అడగరు. కానీ కొన్ని సంస్థలు సప్లిమెంటరీలో నెగ్గిన సబ్జెక్టును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అప్పు తీర్చినా నోటు చించకపోవడం వంటిదిది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి ఏడాదిలో లెక్కలో, ఇంజినీరింగ్ డ్రాయింగో తప్పితే, అది చాలాసార్లు భాష మారిన కుదుపుకే సూచన. మూడో ఏడాదికి అతడు తోటివారితో సమానమైనా, మొదటి ఏడాది ముద్ర మాత్రం వదలదు. కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారే ఇందులో ఎక్కువగా నష్టపోతారు.

ప్రభుత్వరంగం ఇంత కఠినంగా లేదన్నది గమనార్హం. ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షకు యూపీఎస్సీ అడిగేది పట్టా. అది ఎన్ని ప్రయత్నాలలో వచ్చిందన్నది కాదు. అభ్యర్థి సత్తాను అది తన పరీక్షతోనే తేల్చుకుంటుంది. ప్రైవేటు సంస్థలు సైతం సొంత రాతపరీక్షలు, ఇంటర్వ్యూలు జరుపుతున్నప్పుడు, పాత మార్కుల మెమోను ముందే అడ్డుపెట్టడానికి సౌలభ్యం తప్ప వేరే కారణం కనిపించదు.

విశ్వవిద్యాలయాల బాధ్యతా తక్కువేమీ కాదు. నియామకాల తేదీలకు ముందే సప్లిమెంటరీ ఫలితాలు వెలువడితే ఎందరో గట్టెక్కుతారు. తొలి పట్టాలు ఇచ్చిన ఏడాదే మన విశ్వవిద్యాలయ వ్యవస్థ ఏడు మార్కుల ఔదార్యం చూపగలిగింది. నేటి విద్యార్థి గ్రేస్ మార్కులు కోరడం లేదు. మళ్లీ రాసి నెగ్గిన పరీక్షను నెగ్గినట్టే లెక్కించమంటున్నాడు.